రాలిన చుక్కకు వెల కట్టడం ఎలా?

వేసవి రాత్రుల్లో ఆరుబయట మంచం వేసుకొని ఆకాశం చూసే అలవాటు మీకు ఉందా? ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు ఒక వెలుగు గీత సర్రున జారి మాయమవడం చూసే ఉంటారు. "చుక్క రాలింది" అంటారు మన పెద్దలు. రాలింది నక్షత్రం కాదని మీకు తెలుసు. ఇసుక రేణువంత, మహా అయితే శనగగింజంత రాతి నలుసు ఒకటి సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో మన వాతావరణంలోకి చొరబడి, వేడెక్కి, కాలిపోతుంది. ఆ వెలుగునే ఉల్క అంటాం.

వచ్చిన రాయి కాస్త పెద్దదైతే సంగతి వేరు. అది పూర్తిగా కాలిపోకముందే గాలి అడ్డుకోవడం వల్ల దాని వేగం తగ్గిపోతుంది. నేలకు ఇంకా పది, ఇరవై కిలోమీటర్ల ఎత్తులో ఉండగానే వెలుగు ఆరిపోతుంది. అక్కడినుంచి అది మేడమీద నుంచి జారిన ఇటుకలాగే కిందికి పడుతుంది. అలా నేలను చేరిన ముక్క పేరు ఉల్కారాయి. అది భగభగ మండుతూ పడి గడ్డివాములను తగలబెడుతుందని కథల్లో చదివి ఉంటారు. నిజానికి అప్పుడే పడిన రాళ్ళు గోరువెచ్చగానో, చల్లగానో ఉంటాయి. కరిగిన పైపొర దారిలోనే ఊడిపోతుంది. లోపలి భాగం అంతరిక్షపు చలిలో కోట్ల ఏళ్ళు గడిపినది. కొద్ది సెకన్ల వేడి అంత లోతుకు దిగదు.

అలాంటి రాయి ఒకటి మీ పొలంలో పడిందనుకోండి. దాని విలువ ఎంత? బంగారంలా తూకం వేసి చెప్పగలమా? సంతలో అమ్మేవాడు ఒక మాట చెబుతాడు, ప్రయోగశాలలో కూర్చున్నాయన ఇంకో మాట చెబుతాడు. ఈ రెండు మాటలకూ తేడా ఎక్కడ వచ్చిందో తెలియాలంటే ముందుగా బీహారులో పడిన ఒక రాయి కథ వినాలి.

షేర్‌ఘాటి రాయి

1865 ఆగస్టు 25న గయకు దగ్గరలోని షేర్‌ఘాటి వద్ద సుమారు 5 కిలోల రాయి ఆకాశం నుంచి పడింది. దాన్ని భద్రం చేశారు. కొన్ని ముక్కలు విదేశీ మ్యూజియాలకూ వెళ్ళాయి. వియన్నాలో గుస్టాఫ్ చెర్మాక్ అనే ఖనిజ శాస్త్రవేత్త ఒక ముక్కను పరీక్షించి, అందులో గాజులాంటి పారదర్శక పదార్థం ఉందని 1872లో ప్రకటించాడు. దానికి మాస్కెలినైట్ అని పేరు పెట్టాడు. మామూలు ఫెల్‌స్పార్ ఖనిజం భయంకరమైన దెబ్బ తగిలినప్పుడు కరగకుండానే అలా గాజుగా మారుతుందని తర్వాతి కాలంలో తెలిసింది. ఆ దెబ్బ ఎక్కడ తగిలింది? దానికి జవాబు రావడానికి ఇంకో నూరేళ్ళు పట్టింది.

మిగిలిన ఉల్కారాళ్ళలో చాలావాటి వయసు 450 కోట్ల ఏళ్ళకు పైమాటే. అంటే సౌరకుటుంబం ఎంత పాతదో అవీ అంత పాతవే. షేర్‌ఘాటి రాయి, దాని చుట్టాల్లాంటి మరికొన్ని రాళ్ళు మాత్రం వయసులో చాలా చిన్నవి. పైగా అవి లావా గడ్డకట్టి ఏర్పడినవి. చిన్న చిన్న గ్రహశకలాలు పుట్టిన కొద్దికాలానికే చల్లారిపోతాయి. అంత ఆలస్యంగా లావా ఉబకాలంటే అది ఒక పెద్ద గ్రహమే అయి ఉండాలి. అంగారకుడేనా? అనుమానం ఉంది, సాక్ష్యం లేదు.

సాక్ష్యం రెండు దారుల్లో వచ్చింది. 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగి అక్కడి గాలిలో ఏ వాయువు ఎంత పాలు ఉందో కొలిచి పంపాయి. 1979లో అంటార్కిటికా మంచు మీద షేర్‌ఘాటి జాతికే చెందిన ఇంకో రాయి దొరికింది. దానిలోని గాజు బుడగల్లో కొంచెం వాయువు చిక్కుకొని ఉంది. అమెరికాలో డొనాల్డ్ బోగార్డ్, ప్రాట్ జాన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ వాయువును బయటికి రప్పించి కొలిచి 1983లో ఫలితాలు ప్రకటించారు. ఆ పాళ్ళు వైకింగ్ కొలిచిన అంగారకుడి గాలితో సరిపోయాయి! అంగారకుడిని ఏదో పెద్ద గ్రహశకలం ఢీకొట్టినప్పుడు అక్కడి నేల నుంచి ఎగిరిపడిన ముక్కలివి.

లెక్క చూడండి. షేర్‌ఘాటిలో పడిన నాటినుంచి ఈ జవాబు వచ్చే నాటికి 118 ఏళ్ళు. అది పడినప్పుడు అంతరిక్ష నౌక లేదు, వాయువులను అంత సూక్ష్మంగా కొలిచే యంత్రమూ లేదు. రాయి మాత్రం ఉంది. ఎప్పుడు పడిందో, ఎక్కడ పడిందో రాసిన కాగితం దానితోపాటు ఉంది. దాన్ని ఎవరైనా పొడికొట్టి మందులో కలిపి ఉంటే? పిడుగురాయి అని అరగదీసి ఉంటే?

మీ చేతిలోని రాయి

మా బడిలో ఏటా ఒకరిద్దరైనా నల్లటి రాయి పట్టుకొని వచ్చి "మాస్టారూ, ఇది ఆకాశం నుంచి పడిందండీ" అంటారు. ఇంతవరకూ ఒక్కటీ అలా పడింది కాదు. అయినా తెచ్చిన పిల్లవాడిని నేను నిరుత్సాహపరచను. రాయిని పరీక్షించి "కాదు" అని తేల్చడం కూడా విజ్ఞానమే.

మన ప్రాంతంలో అందరినీ ఎక్కువగా మోసం చేసేది చిట్టెం. ఇనుము కరగబెట్టినప్పుడు మిగిలే మడ్డిని అలా అంటారు. ఒకప్పుడు ఉక్కుకు పేరుపొందిన నిజామాబాదు జిల్లా కోనసముద్రం మొదలుకొని ఎన్నో ఊళ్ళలో పాత కొలుముల దగ్గర చిట్టెం దిబ్బలు ఉన్నాయి. చిట్టెం నల్లగా, బరువుగా, కరిగి గడ్డకట్టినట్టు ఉంటుంది. కాని విరిస్తే లోపల ఇడ్లీలో ఉన్నట్టు గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. ఉల్కారాళ్ళలో అలాంటి బుడగలు దాదాపు ఉండవు. తెల్లని పలుగురాయి పలుకులు కనిపించినా దాని ఆశ వదులుకోవచ్చు.

ముందు రాయి పైపొర చూడండి. కొత్తగా పడిన రాయి మీద మిల్లీమీటరు మందమైనా లేని నల్లటి పెంకు ఉంటుంది. గాలిలో దూసుకొచ్చేటప్పుడు వేడికి కరిగి గడ్డకట్టిన పొర అది. ఎక్కడైనా పెచ్చు ఊడితే లోపలి రాయి బూడిద రంగులో కనిపిస్తుంది. కొన్నింటి మీద పూరీపిండి ముద్దను బొటనవేలితో నొక్కినట్టు లోతు తక్కువ గుంటలు ఉంటాయి. తర్వాత బరువు చూడాలి. ఇక్కడ మీ భౌతికశాస్త్రం పాఠం పనికివస్తుంది. రాయిని స్ప్రింగు త్రాసుకు దారంతో వేలాడదీసి తూచండి. 700 గ్రాములు వచ్చిందనుకోండి. అలాగే నీళ్ళలో ముంచి తూచండి. 500 గ్రాములు వచ్చింది. కోల్పోయిన బరువు 200 గ్రాములు. 700ను 200తో భాగిస్తే 3.5. ఇదే దాని విశిష్ట సాంద్రత. మన గ్రానైటుకు ఇది 2.7 దగ్గర ఉంటుంది. మామూలు రాతి ఉల్కలకు 3.2 నుంచి 3.8 దాకా ఉంటుంది. ఇనుప ఉల్కలకు 7.8 వరకూ పోతుంది. ఇనుప ఖనిజం రాళ్ళు కూడా బరువైనవే కాబట్టి సాంద్రత ఒక్కటీ చూసి పండగ చేసుకోకండి. గచ్చు పలక వెనుకవైపు, నునుపు లేనిచోట రాయిని గట్టిగా గీయండి. ఎర్రటి గీత పడితే అది హెమటైటు. నల్లటి గీత పడితే మాగ్నటైటు. ఉల్కారాయి సాధారణంగా గీత వదలదు.

అయస్కాంతం సంగతి వేరేగా చెప్పాలి. ఉల్కారాళ్ళలో చాలావాటిలో ఇనుము, నికెలు కలిసిన లోహం ఉంటుంది కాబట్టి అయస్కాంతం వాటిని ఆకర్షిస్తుంది. అందుకే పాత పుస్తకాలన్నీ "అయస్కాంతం పెట్టి చూడండి" అని చెబుతాయి. ఈ సలహాను ఇప్పుడు మార్చుకోవాలి. తాను పుట్టిన గ్రహం మీద ఒకప్పుడు అయస్కాంత క్షేత్రం ఉండేదా, ఉంటే ఎంత బలమైనది అన్న సంగతిని రాయి తన ఖనిజాల్లో దాచుకొని ఉంటుంది. మనం బలమైన అయస్కాంతం తాకించగానే ఆ పాత రాత చెరిగిపోయి మన అయస్కాంతం రాత మిగులుతుంది. 2011లో మొరాకోలో బయటపడిన ఒక అంగారక శకలానికి "నల్ల సుందరి" అని ముద్దుపేరు. అందులో 440 కోట్ల ఏళ్ళు దాటిన స్ఫటికాలు ఉన్నాయి. అంగారకుడి తొలినాటి అయస్కాంత చరిత్ర చదవడానికి ఇంతకంటే మంచి రాయి దొరకదు. చేతులు మారేటప్పుడు ఎవరో అయస్కాంతం పెట్టి చూడడం వల్ల ఆ చరిత్ర చెరిగిపోయిందని 2023లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కాబట్టి మీరు దిక్సూచి వాడండి. రాయిని మెల్లగా దాని దగ్గరికి తెస్తే ముల్లు కదులుతుందో లేదో తెలిసిపోతుంది. ముల్లుకున్న బలం అతి స్వల్పం.

ఇంకో హెచ్చరిక. నీళ్ళలో ముంచడం, పలక మీద గీయడం అన్నవి ఎక్కడో దొరికిన పాత రాళ్ళకు చేసే పరీక్షలు. మీ కళ్ళముందు పడిన రాయికి ఇవేవీ చేయకూడదు.

రంపం కింద

ఇంటి పరీక్షలన్నీ నెగ్గిన రాయి ప్రయోగశాలకు వెళుతుంది. అక్కడ ఒక మూల కోసి, ఆ ముక్కను కాంతి దూరేంత పలచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. మామూలు రాతి ఉల్కల్లో ఆవగింజల్లాంటి గుండ్రటి పలుకులు కనిపిస్తాయి. వీటిని కాండ్రూళ్ళు అంటారు. సూర్యుడి చుట్టూ ధూళి మేఘం తిరుగుతున్న రోజుల్లో కరిగి, బొట్లుగా గడ్డకట్టినవి ఇవి. భూమి మీద పుట్టిన ఏ రాయిలోనూ ఇవి ఉండవు.

ఇనుప ఉల్కను కోసి, నునుపు చేసి, నత్రికామ్లం కలిపిన ద్రవంతో తడిపితే ఒక వింత జరుగుతుంది. లోహం మీద చాప అల్లికలాంటి గీతలు తేలతాయి. ఇనుము, నికెలు రెండు రకాల స్ఫటికాలుగా విడిపోవడం వల్ల వచ్చిన గీతలివి. 1808లో వియన్నాలో వీటిని గమనించిన విడ్‌మాన్‌స్టాటెన్ పేరే వీటికి పెట్టారు. ఆ లోహం పది లక్షల ఏళ్ళకు కొన్ని డిగ్రీలు మొదలుకొని కొన్ని వేల డిగ్రీల చొప్పున, అంత నింపాదిగా చల్లారితేనే అలాంటి అల్లిక వస్తుంది. ఏ కొలిమికీ అంత ఓపిక ఉండదు కాబట్టి నకిలీ చేయడం మనిషి వల్ల కాదు. అయితే అన్ని ఇనుప ఉల్కల్లోనూ ఈ గీతలు రావు.

కళ్ళముందు పడగా దొరికిన వాటిలో నూటికి 94 వంతులు రాతి ఉల్కలే. ఇనుపవి సుమారు 5 వంతులు, రాయీ ఇనుమూ కలిసినవి ఒక వంతు. ఈ ఒక వంతులో పల్లసైట్లు అనేవి చూడముచ్చటగా ఉంటాయి. పల్లీ చిక్కీలో బెల్లం బదులు లోహం, పల్లీల బదులు పసుపుపచ్చని ఆలివిన్ స్ఫటికాలు ఉన్నట్టు ఊహించుకోండి. చంద్రుడి నుంచి, అంగారకుడి నుంచి వచ్చినవి ఇంకా అరుదు. ఇంతవరకు పేర్లు పొందిన ఉల్కారాళ్ళు 70 వేలకు పైనే ఉంటే, ఆ రెండు చోట్ల నుంచి వచ్చినవి వందల్లోనే ఉన్నాయి.

ఏరిన వాళ్ళు

పల్లసైటు అనగానే ఎలైజా కింబర్లీ అనే రైతు ఇల్లాలు గుర్తుకు వస్తుంది. 1885 ప్రాంతంలో అమెరికాలోని కాన్సస్‌లో ఆమె, భర్త కొత్తగా పొలం తీసుకున్నారు. రాయి అంటూ దొరకని ఆ మైదానంలో నాగలికి నల్లటి, విపరీతమైన బరువున్న రాళ్ళు తగిలేవి. జనం వాటిని కంచెల మీద, వాముల మీద బరువుకు పెట్టుకునేవారు. చిన్నప్పుడు బడిలో ఒక ఉల్కారాయిని చూసిన గుర్తు ఆమెకు ఉందని చెబుతారు. ఆమె ఆ రాళ్ళన్నీ ఏరి ఇంటి దగ్గర కుప్ప పోసింది. ఇంట్లోవాళ్ళూ, ఇరుగుపొరుగూ నవ్వారు. ఐదేళ్ళపాటు శాస్త్రవేత్తలకు ఉత్తరాలు రాసింది. చివరికి 1890లో క్రాగిన్ అనే ప్రొఫెసరు వచ్చి చూసి, అవి పల్లసైట్లని గుర్తించి డబ్బిచ్చి కొన్నాడు. నవ్విన నాపచేనే పండింది!

1969 డిసెంబరులో అంటార్కిటికాలో మంచు మీద పనిచేస్తున్న జపాను బృందానికి ఒకేచోట 9 ఉల్కారాళ్ళు దొరికాయి. ఒకే రాయి ముక్కలై ఉంటాయనుకున్నారు. పరీక్షిస్తే వేర్వేరు జాతులని తేలింది. పడిన రాళ్ళను మంచు తనలో దాచుకొని, మెల్లగా జరుగుతూ కొండల అడ్డుదాకా మోసుకొస్తుంది. అక్కడ గాలి మంచును అరగదీస్తుంటే రాళ్ళు పైకి తేలతాయి. అప్పటినుంచి అక్కడ వేల కొద్దీ రాళ్ళు ఏరారు. ప్రతి రాయినీ చేత్తో ముట్టకుండా, శుభ్రమైన సంచిలో వేసి, నంబరు వేసి, గడ్డకట్టిన స్థితిలోనే ప్రయోగశాలకు తీసుకుపోతారు.

ఇంత జాగ్రత్త శిక్షణ పొందినవాళ్ళకే సాధ్యం అనుకోకండి. 2000 జనవరి 18న కెనడాలో టాగిష్ సరస్సు మీద పెద్ద ఉల్క పేలింది. వారం తర్వాత ఆ దారిన వెళుతున్న విమాన చోదకుడు జిమ్ బ్రూక్‌కు గడ్డకట్టిన సరస్సు మీద నల్లటి ముక్కలు కనిపించాయి. అతను చేత్తో తాకలేదు. ప్లాస్టిక్ సంచుల్లోకి ఎత్తి, కరగనివ్వకుండా శీతలయంత్రంలో దాచి శాస్త్రవేత్తలకు అందజేశాడు. మొత్తం కిలోకు కాస్త తక్కువే. అయినా కర్బన పదార్థాలు నిండిన ఆ రాయి మన చెమట, మన నీరు సోకకుండా దొరికిన అరుదైన నమూనా అయింది. నా ఉద్దేశంలో ఆ వారంలో అతను చేసిన పని ఒక మంచి పరిశోధనా పత్రానికి తీసిపోదు.

సంతలో ధర

ఇప్పుడు అమ్మేవాడి మాట విందాం. ఉల్కారాళ్ళకు నిజంగానే అంతర్జాతీయ సంత ఉంది. సహారా ఎడారిలో సంచార జాతుల వాళ్ళు ఏరిన రాళ్ళు చేతులు మారి మొరాకో మీదుగా ప్రపంచమంతా తిరుగుతాయి. 2023లో నైజరు దేశంలో 24 కిలోలు దాటిన అంగారక శకలం దొరికింది. తెలిసినంతలో అదే అన్నిటికన్నా పెద్దది. 2025 జూలైలో న్యూయార్క్ వేలంలో అది సుమారు 53 లక్షల డాలర్లు పలికింది. తమ దేశపు రాయి దాటిపోయిన తీరు మీద నైజరు ప్రభుత్వం విచారణకు దిగింది. ఏరినవాడి శ్రమకు డబ్బు రావడం తప్పు కాదు. ఎడారి రాళ్ళు చాలా వరకు ఆ సంత వల్లనే బయటపడ్డాయి కూడా. కాని చాలాసార్లు వాటికి చిరునామా ఉండదు. ఎక్కడ దొరికిందో ఏరినవాడు చెప్పడు. ఒక్కో రాయి పది ముక్కలై పది చోట్లకు పోతుంది.

అందుకే ఉల్కాశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం ఒక నియమం పెట్టింది. రాయికి అధికారికంగా పేరు రావాలంటే దానిలో 20 గ్రాములు గాని, ఐదోవంతు గాని, ఏది తక్కువైతే అది, ఏదైనా గుర్తింపు పొందిన సంస్థలో శాశ్వతంగా ఉంచాలి. పేరు కూడా ఇష్టం వచ్చినట్టు పెట్టరు. సాధారణంగా రాయి దొరికిన చోటి పేరే రాయి పేరు.

మన దగ్గర "రైస్ పుల్లర్" అనీ, ఇరీడియం అనీ చెప్పి రాళ్ళూ చెంబులూ అంటగట్టే మోసగాళ్ళు తిరుగుతుంటారు. బియ్యపు గింజలను లాక్కునే లోహం ఏదీ లేదు, ఆకాశంలోనూ లేదు.

నిజమైన రాయి మన దేశంలో పడితే దాన్ని భద్రపరిచే బాధ్యత భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థది. దాని ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది. దక్షిణ ప్రాంత కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. మీరు చేయవలసింది కొంచెమే. రాయి ఉన్నచోట ఉన్నట్టే ఒక ఫోటో తీయండి, పక్కన కొలబద్ద పెట్టండి. శుభ్రమైన ప్లాస్టిక్ సంచిని చేతికి తొడుక్కొని ఎత్తండి. కడగవద్దు, పగలగొట్టవద్దు, పసుపు కుంకుమలు పెట్టవద్దు. తేదీ, గంట, పొలం ఎవరిది, ఏ దిక్కునుంచి చప్పుడు వచ్చింది, గుంట ఎంత లోతు, ఇవన్నీ అప్పుడే కాగితం మీద రాయండి. ఆలస్యం చేయకుండా తహసీల్దారుకో, మీ మాస్టారికో చెప్పండి. తొందర ఎందుకంటే, అంతరిక్ష కిరణాల వల్ల రాయిలో పుట్టిన కొన్ని రేడియోధార్మిక పరమాణువులు త్వరగా నశిస్తాయి. సోడియం-24 అయితే 15 గంటల్లో సగానికి సగం పోతుంది.

నెడగొల్ల ఇనుము

మన ప్రాంతపు రాయి ఒకటి ఈ మధ్యనే వార్తలకెక్కింది. 1870 జనవరిలో, అప్పటి విశాఖపట్నం జిల్లా పార్వతీపురం పరిసరాల్లో, సుమారు నాలుగున్నర కిలోల ఇనుప ఉల్క పడింది. ప్రపంచ పట్టికల్లో దాని పేరు నెడగొల్ల. పడుతుండగా చూసి ఏరుకున్న ఇనుప ఉల్కలు ప్రపంచం మొత్తం మీద కొద్దే. పైగా ఇది ఏ జాతిలోనూ ఇమడదు. అందువల్ల 150 ఏళ్ళు అది "వర్గం లేనిది" అనే చీటీతోనే ఉండిపోయింది.

సౌరకుటుంబం మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఒక రకం పదార్థం, దూరంగా ఇంకో రకం పదార్థం ఉండేవి. రెండూ కలవకుండా మధ్యలో గురుగ్రహం అడ్డుగా పెరిగిందని చాలామంది శాస్త్రవేత్తల ఊహ. మాలిబ్డినం వంటి మూలకాల ఐసోటోపుల పాళ్ళు కొలిస్తే ఏ ఉల్కారాయి ఏ వైపుదో చెప్పవచ్చు. కృష్ణ నీళ్ళు, గోదావరి నీళ్ళు వేరువేరుగా గుర్తుపట్టినట్టే. ఇంతవరకూ కొలిచిన రాళ్ళు ఏదో ఒక వైపుకే చెందేవి. నెడగొల్ల ఇనుమును కొలిస్తే పాళ్ళు రెండింటికీ మధ్యలో వచ్చాయి! ఆ రెండు నీళ్ళూ కలిసిన చోట ముంచిన చెంబు అన్నమాట. లోపలివైపు గ్రహశకలం ఒకటి, బయటివైపుది ఒకటి ఢీకొన్నప్పుడు వాటి నడిమి లోహాలు కలిసి ఈ ఇనుము ఏర్పడి ఉంటుందని 2022లో పరిశోధకులు ప్రకటించారు. హాఫ్నియం టంగ్‌స్టన్‌గా మారే వేగాన్ని గడియారంగా వాడి, ఆ కలయిక సౌరకుటుంబం పుట్టిన 70 లక్షల ఏళ్ళకు పైగా గడిచాక జరిగిందని కూడా లెక్కగట్టారు. అలాంటి ఢీకి ఐసోటోపుల సాక్ష్యం చూపిన మొదటి రాయి ఇదే. 1870లో దాన్ని ఏరిన మనిషి దగ్గరి కొలిమికి ఇచ్చి ఉంటే నాలుగు కొడవళ్ళు వచ్చేవి.